కొలతల పుస్తకం వెనక పేజీల్లో పదకొండు మంది కథలు: పుస్తకం వేయడం ఎట్లా?

మిషన్ అక్క, జనగామ:

అందరికీ నమస్తే. జనగామలో నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, ఫాల్స్, పీకో. పెట్టి పదహారేళ్ళయింది. నా చదువు ఇంటర్ దాకానే. అడిగేదాంట్లో తెలివితక్కువ మాటలుంటే నవ్వుకోండి, జవాబు మాత్రం చెప్పండి.

సంగతేమిటంటే, కొలతలు తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడతారు. వీపు మీద టేపు పెట్టినప్పుడు వాళ్ళ ముఖం గోడకు ఉంటుంది, నేను వెనక ఉంటాను. ఆ అర నిమిషంలో ఏదో ఒక మాట జారుతుంది. మిగతాది బెంచీ మీద కూర్చున్నాక వస్తుంది. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా గిరాకీ పలచగా ఉంటుంది. ఇంట్లో అందరూ తిని పడుకున్నాక వీళ్ళు ఆది జాకెట్టు సంచిలో వేసుకుని నా దగ్గరికి వస్తారు. కొందరి సంచిలో నెల నుంచీ అదే ఆది జాకెట్టు. కుట్టించుకునేది ఏమీ లేదు.

కొలతల పుస్తకంలో ముందు నుంచి ఛాతీ, నడుము, చెయ్యి పొడవు, మెడ లోతు రాస్తాను. ఐదారేళ్ళ కింద వెనక పేజీల నుంచి వాళ్ళ మాటలు రాయడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఏం చెప్పను, మర్చిపోతానేమోనని. పోయినేడు డిగ్రీ చదివే మా అక్క కూతురు ఫోన్లో రికార్డు చేయడం పట్టుకుంది. ఇప్పుడు పదకొండు మందివి పంతొమ్మిది రికార్డింగులు ఉన్నాయి. అందులో మూడింట్లో మిషన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. తప్పు నాదే, అర్జెంటు ఆర్డర్ ఉండి ఆపలేదు.

ఎట్లాంటి కథలో కొంచెం చెప్తాను. ఒకామె ఇరవై రెండేళ్ళు భివండీలో ఉండి వచ్చింది. మా దిక్కు నుంచి ఎన్ని ఇళ్ళ వాళ్ళు మహారాష్ట్రలోని ఆ ఊరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయారో ఇక్కడివాళ్ళకు చెప్పక్కరలేదు. "నేనేం పని చెయ్యలే బిడ్డా, ఇంట్లనే ఉన్న" అని మొదలుపెట్టింది. ఇంట్లో ఉండి ఏం చేశావమ్మా అంటే, సాంచాల మీద పనిచేసే నలభై మందికి రెండు పూటలా వండి పెట్టిందట. తెల్లారి నాలుగింటికి పిండి పిసకడం మొదలు. ఇరవై రెండేళ్ళు. అది పని కాదట!

ఇంకొకామె తొంభైల్లో రాత్రిబడికి పోయి సంతకం నేర్చుకుంది. నేర్చుకున్న కొన్నాళ్ళకే ఒక కాగితం మీద పెట్టమంటే సంబరంగా పెట్టింది. తర్వాతెప్పుడో తెలిసింది, అది ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఎకరం మీద భర్త తీసుకున్న అప్పు కాగితమని. "ఏలిముద్ర ఏసినన్ని రోజులు ఎవరో ఒకరు చదివి ఇనిపిచ్చెటోళ్ళు. సంతకం వచ్చినాక ఈమెకు చదువొచ్చిందని ఎవరూ ఇనిపియ్యలే" అంది.

నా సందేహాలు ఇవీ. ఒకటి, భాష. ఒకవ్వ అన్నది: "మా అత్త నన్ను పొయ్యి ముట్టియ్యనియ్యలే. కాలుతదని కాదు, నా చెయ్యి పడితే ఇల్లు నాదయితదని." దీన్ని మా పిల్ల టైపు చేసి ఇట్లా పెట్టింది: "మా అత్తగారు నన్ను వంటింట్లోకి అనుమతించేవారు కాదు. తన అధికారం పోతుందని ఆమె భయం." తప్పేమీ లేదు. కానీ చదువుతుంటే నాకు ఉతికిన కోరా గుడ్డలా అనిపించింది, గంజి పోయింది. ఏది ఉంచాలి?

రెండు, పేరు. రచయిత అని ఎవరిది వేయాలి? చెప్పింది వాళ్ళు, రాసింది నేను, టైపు చేసింది మా పిల్ల.

మూడోదే టెన్షన్. ఇంకొక అవ్వ తన భర్త తాగి కొట్టిన సంగతులు చెప్పింది. ఎట్లానో తెలిసి ఆమె కొడుకు షాపు ముందుకు వచ్చాడు. బండి దిగలేదు, ఇంజన్ ఆపలేదు. "మా నాయన పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఆయన ఇజ్జత్ తీస్తరా" అని పోయాడు. అవ్వేమో కనిపించినప్పుడల్లా "నాది ఎప్పుడు అచ్చేస్తవ్" అంటుంది. నేను ఎవరి మాట వినాలి?

ప్రింటింగ్ ఖర్చు, కాపీలు ఎన్ని, ఇవన్నీ కూడా చెప్పండి. మా పిల్ల దాచుకున్నది, నేను దాచుకున్నది కలిపి కొంత ఉంది. ఎవరి దగ్గరా చందా అడగం.


పాత ప్రూఫులు, హైదరాబాద్:

చెల్లీ, నేను చిక్కడపల్లి ప్రెస్సుల్లో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దినదాన్ని. ఇప్పుడు కళ్ళు సహకరించక ఇంట్లో ఉన్నాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. అవ్వ మాట ఉంచు, టైపు చేసినది తీసెయ్యి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

జనగామ అన్నావు కాబట్టి ఒక పుస్తకం పేరు చెప్తాను. "మనకు తెలియని మన చరిత్ర", 1986లో వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన అని హైదరాబాదులో ఒక ఆడవాళ్ళ సంఘం ఉండేది. అందులోవాళ్ళు టేపు రికార్డర్ పట్టుకుని, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళారు. పోరాటం ఆగి అప్పటికే ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళలో దాని మీద పుస్తకాలు రాకపోలేదు, నాయకులు రాశారు. ఏ ఊళ్ళో ఏ దళం, ఎన్ని ఎకరాలు పంచారు, అన్నీ ఉంటాయి. అడవిలో బిడ్డను కని, ఆ బిడ్డను వేరేవాళ్ళ చేతిలో పెట్టేసి దళంతో నడవాల్సి వచ్చిన కమలమ్మ మాట మాత్రం ఆమె నోటితోనే వినాలి. పోరాటం అయ్యాక ఇక ఇళ్ళకు పొమ్మన్నప్పుడు వాళ్ళకెట్లా ఉండిందో వాళ్ళే చెప్పాలి. మల్లు స్వరాజ్యం లాంటి పేరున్నవాళ్ళు ఉన్నారు, ఎవరికీ తెలియనివాళ్ళూ ఉన్నారు. మీ పాలకుర్తి ఐలమ్మ ఉంది.

ఐలమ్మ 1985 సెప్టెంబరులో పోయింది. పుస్తకం వచ్చింది 1986లో. నీ పదకొండు మందిలో డెబ్బై అయిదు దాటినవాళ్ళు ఎంతమందో ఒకసారి లెక్కపెట్టుకో. వాళ్ళ రికార్డింగులు ముందు విని కాగితం మీదికి దించు. ఆ మిషన్ చప్పుడు మూడూ మళ్ళీ రికార్డు చెయ్యి, ఈసారి మోటారు ఆపి.

పేరు సంగతి. ఆ పుస్తకం మీద రచయితగా ఉన్నది సంఘం పేరే. ఇంకో దారి కూడా ఉంది. ఎనభైల్లో రాజస్థాన్ పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు ఆడదాని ఒంటి గురించి "శరీర్ కీ జాన్‌కారీ" అని హిందీలో పుస్తకం తయారుచేసుకున్నారు. నెలసరి, కాన్పు, అన్నీ. మొదట బట్టల్లేని ఆడమనిషి బొమ్మ వేస్తే ఊళ్ళో వాళ్ళు నవ్వారట, ఇట్లా ఎవరు తిరుగుతారని. నిజమే కదా! అప్పుడు బొమ్మకు కాగితంతో ఘాగ్రా తొడిగి, పైకెత్తితే లోపలిది కనబడేటట్టు అతికించారు. 1984లో ఢిల్లీలో పుట్టిన కాలీ ఫర్ విమెన్ అనే ఆడవాళ్ళ ప్రచురణ సంస్థ దాన్ని అచ్చేసింది. రచయితలు డెబ్బై అయిదు మంది. నీవి పదకొండు పేర్లే, అట్ట మీద హాయిగా పడతాయి. నీ పేరూ మీ పిల్ల పేరూ లోపల చిన్నగా, రాసుకున్నవారు అని వేసుకోండి.

ఆ బొమ్మ కథ ఎందుకు చెప్పానంటే, అచ్చుకు ముందే వాళ్ళకు చూపించారు కాబట్టి తప్పు తెలిసింది. నువ్వూ దించినదంతా ఎవరిది వాళ్ళకు చదివి వినిపించు. చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకుంటే ఏమవుతుందో నీ రాత్రిబడి ఆమెనే చెప్పింది కదమ్మా.

ఇక ప్రెస్సు పని. పేజీలు పదహారుల లెక్కన చూసుకో, ఒక ఫారం అంటే పదహారు పేజీలు. నలభై ఎనిమిది పేజీలయితే మూడు ఫారాలు, మధ్యలో పిన్ను కొడితే సరిపోతుంది. అది దాటితే బైండింగు ఖర్చు పెరుగుతుంది. వంద కాపీలే అయితే డిజిటల్ ప్రింట్ చాలు. ఆఫ్‌సెట్ అయిదు వందలు దాటితేగానీ గిట్టుబాటు కాదు, అమ్మలేని నాలుగు వందలు నీ కుట్టుబల్ల కింద ఉంటాయి. చాలామంది అట్టపెట్టెల మీద కాళ్ళు పెట్టుకుని టీవీ చూస్తుంటారు, అవి వాళ్ళ పుస్తకాలే. ఐ.ఎస్.బి.ఎన్. అని పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు ఉచితమే, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. మీ పిల్ల ఫోన్లో టైపు చేసింది యూనికోడ్. పేజీలు కూర్చే డీటీపీ అబ్బాయి దాన్ని ప్రెస్సుల్లో వాడే "అను" ఫాంటులోకి మార్చితే వత్తులు చెదిరిపోతాయి. "ర" వత్తు, "క్ష", పొల్లులు ప్రత్యేకంగా చూసుకో. మార్చాక ప్రతి పేజీ మళ్ళీ చదవాలి, మొదటి రెండు పేజీలు బాగున్నాయని వదిలెయ్యకు.

కొడుకు సంగతి నాకూ తేలడం లేదు. ఇంకెవరైనా చెప్పండి.


మిషన్ అక్క:

అక్కా, మీకు దండం. కాగితం ఘాగ్రా సంగతి షాపులో చెప్తే అందరూ ఒకటే నవ్వు. నాడా ఉందా, కుచ్చిళ్ళు ఎన్ని అని అడిగారు. డెబ్బై అయిదు దాటినవాళ్ళు నలుగురు. రాత్రికే కూర్చుంటున్నాం.


మాచనూరు దారి:

నేను జహీరాబాద్ దగ్గర గవర్నమెంటు టీచర్‌ని. మీ పదకొండు మందిలో చదవగలిగినవాళ్ళు ఎంతమంది? నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ పుస్తకం వాళ్ళే చదవలేకపోతే, అది ఊళ్ళో చదువుకున్నవాళ్ళు వాళ్ళను చూడటానికి పెట్టుకున్న కిటికీ అవుతుంది. తప్పుగా అనుకోకండి మేడమ్.

మా దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్ళున్నారు. ఎక్కువమంది దళితులు, చారెడు భూమి ఉన్నవాళ్ళు. 1998 నుంచే వాళ్ళు రేడియో కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. విత్తనాలు, పాటలు, జ్వరానికి ఏం చేయాలి, ఎవరి ఇంట్లో ఏం గొడవ. లైసెన్సు లేదు. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకుందే 2006 చివర్లో. సుమారు పదేళ్ళు ఆ క్యాసెట్లు సంఘం మీటింగులకు మోసుకెళ్ళి వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న మాచనూరు నుంచి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది, ఎఫ్.ఎం. 90.4 మీద. నడిపించినవాళ్ళు ఇద్దరూ నర్సమ్మలే, ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోలు నర్సమ్మ.

వాళ్ళలో కొందరు వీడియో కెమెరా కూడా పట్టుకున్నారు. కెమెరా భాషకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు వింటే మా స్టాఫ్‌రూములో అందరూ నోరెళ్ళబెట్టారు. పైనుంచి కిందికి, ఊరి దొర చూసినట్టు తీస్తే అది పటేల్ షాట్. కళ్ళకు సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. ఇంతకంటే బాగా ఏ సినిమా స్కూల్లో చెప్తారు?

అందుకని నా సలహా: పుస్తకం వేయండి, కానీ ముందు రికార్డింగులు వాళ్ళకు వినిపించండి. బ్లూటూత్ స్పీకర్ ఒకటి చాలు.


శ్రీను, వరంగల్:

మిషన్ అక్కా, నేను ఆ బండి దిగని కొడుకు లాంటివాడినే. అందరూ తిడతారని తెలుసు, అయినా రాస్తున్నా.

మా అమ్మ కథ ఒక పత్రికలో వచ్చింది. ఏ పత్రికో వద్దు. ఎవరో ఆమె వచ్చి, అమ్మతో రెండు గంటలు కూర్చుని, చాయ్ తాగి పోయింది. తర్వాత ఒక ఆదివారం మా ఆఫీసులో ఒకడు ఫోన్లో చూపించాడు, మా ఇంటి గుమ్మం ఫోటోతో సహా. అమ్మ చెప్పనిది ఒక్క ముక్క లేదు అందులో, అది ఒప్పుకుంటా. కానీ మా చెల్లెలికి అప్పుడే సంబంధం చూస్తున్నారు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు. అమ్మ నెల రోజులు "నేను ఎందుకు చెప్పిన్నో" అనుకుంటూ తిరిగింది. రాసినామె మళ్ళీ కనబడితే ఒట్టు.

అవ్వ కథ అవ్వదే, నేను కాదనను. కానీ అచ్చయిన రోజు రాత్రి మీరు మీ ఇంటికి పోతారు. ఆమె ఆ కొడుకు ఇంట్లో తినాలి. అతను నలుగురిలో తల ఎత్తుకోలేక ఆమె మీద అరిస్తే పక్కన ఎవరుంటారు? పేరు మార్చినా జనగామలో పోల్చుకోవడం ఎంతసేపు? నేను వద్దనడం లేదు. అతనితో మీరు మాట్లాడకండి, ఆమెనే మాట్లాడనివ్వండి. ఆమెకు ఎంత టైం కావాలంటే అంత ఇవ్వండి.


మిషన్ అక్క:

శ్రీను తమ్ముడూ, ఎవరూ తిట్టరు. నేను మాత్రం నీ మీద కోపం తెచ్చుకుందామని మొదలుపెట్టి, చివరికి తెచ్చుకోలేకపోయాను. పక్కన ఎవరుంటారు అన్న మాట దగ్గర ఆగిపోయాను. కానీ ఒక్కటి అడుగుతా. సంబంధం తప్పిపోయింది మీ అమ్మ చెప్పినందుకా, మీ నాయన చేసినందుకా? జవాబు ఇక్కడ రాయక్కరలేదు.


పెన్న ఒడ్డు, నెల్లూరు జిల్లా:

చిన్న మాట. మా అమ్మమ్మ సారా ఉద్యమం నాటి మనిషి. మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు, చదువు నేర్పే వాచకంలో తాగుబోతు భర్త ఉన్న సీతమ్మ కథ పాఠంగా ఉండింది. ఆ పాఠం చదివి, ఇది మన కథే కదా అని దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు ఆపించి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. రాతకు అంత బలం ఉంటుందని చెప్పడానికి ఇది చాలు.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ రోజుల్లో మా అమ్మమ్మ ఫోటోలు చాలామంది తీసుకుపోయారు. చీపురుకట్ట పట్టుకోమన్నారు, పట్టుకుంది. ఇంకొంచెం పైకి ఎత్తమన్నారు, ఎత్తింది. ఒక్కరంటే ఒక్కరు కాపీ పంపలేదు. పోయేదాకా అడుగుతూనే ఉండింది, "ఆ ఫోటోల్లో నేనెట్లా పడినానో" అని. మీ పుస్తకం వచ్చిన రోజు మొదటి కాపీలు ఎవరికి ఇస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆవిష్కరణ సభ, ముఖ్య అతిథి, శాలువా పెట్టుకున్నారంటే మాత్రం నేను రాను.


మిషన్ అక్క (నలభై రోజుల తర్వాత):

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, మధ్యలో పెళ్ళిళ్ళ ఆర్డర్లు.

ముందు వినిపించడం సంగతి. మాచనూరు సార్ చెప్పినట్టు మా పిల్ల ఒక చిన్న స్పీకర్ తెచ్చింది. ఒక ఆదివారం షట్టర్ సగం దించి, పదకొండు మందిలో తొమ్మిది మందిని కూర్చోబెట్టాం. అందరిదీ అందరికీ వినిపించలేదు. ఎవరు సరే అంటే వాళ్ళదే పెట్టాం. అయిదుగురు సరే అన్నారు. భివండీ అమ్మ తన గొంతు విని "ఇది నేనా, మొగోని లెక్కున్నది" అని కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమెనే ఆపమని తప్పు దిద్దింది. "నలభై మంది కాదు, ముప్పై ఆరు రాయి. నలుగురు పైసలు ఎగ్గొట్టి పోయిర్రు, వాళ్ళను మనుషులల్ల లెక్కపెట్టకు." అట్లాగే రాశాం.

ఆ రోజు నేను అనుకోనిది ఒకటి జరిగింది. రాత్రిబడి ఆమె కథ విన్నాక, ఎప్పుడూ నోరు తెరవని ఒకామె తన సంచిలోంచి ఒక కాగితం తీసి మా పిల్లకు ఇచ్చి "ఇది ఏందో చదువు" అంది. సంఘం లోను కాగితం. ఆమె తీసుకున్నదానికంటే ఎక్కువ రాసి ఉంది. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది, దాని గురించి ఇక్కడ రాయను. కానీ అప్పటి నుంచి ఆదివారం ఆదివారం కాగితాలు వస్తున్నాయి. కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ, స్కూలు నోటీసు. మా పిల్ల చదివి చెప్తోంది. ఇద్దరు మాత్రం చదివి చెప్పడం కాదు, చదవడమే నేర్పమన్నారు. పలక కొన్నాం. బెంచీ చాలక కింద చాప వేశాం.

మా పిల్లకు అట్ట మీద "స్త్రీవాద ప్రచురణ" అని వేయాలని ఉండింది. భివండీ అమ్మ అడిగింది, ఆ మాట వేస్తే పైసలు ఎక్కువైతయా అని. కావు అన్నాం. అయితే వెయ్యి అంది. చిన్న అక్షరాలతో వేశాం.

ఇక అవ్వ. శ్రీను తమ్ముడు చెప్పినట్టు నేను కొడుకుతో మాట్లాడలేదు. అవ్వకు ఆమె కథ మొత్తం చదివి వినిపించి, ఇంటికి పోయి ఆలోచించుకోమన్నాను. మూడు వారాలు రాలేదు. పుస్తకంలోంచి తీసేసి, పేజీలు సర్ది, డీటీపీ అబ్బాయికి పదిమందివే ఇచ్చేశాను. నాలుగో వారం వచ్చింది. ఆది జాకెట్టు కూడా తేలేదు, ఊరికే వచ్చి బెంచీ మీద కూర్చుంది. "నా పేరు వెయ్యి, ఆయన పేరు తీసెయ్యి" అంది. ఆయన అంటే ఎవరు అవ్వా, భర్తా కొడుకా అని అడిగాను. "ఇద్దరియి." కొడుకుతో ఏం మాట్లాడిందో చెప్పలేదు, నేను అడగలేదు. అతను మొన్న షాపు ముందు నుంచి పోతూ బండి నెమ్మది చేశాడు. ఆపలేదు. ఏమనుకున్నాడో తెలియదు, నాకు కొంచెం గుబులుగానే ఉంది. ఆమె ఫోన్లో నా నంబరు మొదట వచ్చేటట్టు పెట్టించాను, పక్కింటి కోడలికి కూడా చెప్పి ఉంచాను.

పేజీలు నలభై ఎనిమిదే వచ్చాయి. ప్రూఫుల అక్క చెప్పిన భయం నిజమే, "అత్త" ఉన్న చోటల్లా వత్తు ఎగిరిపోయి "అత" అయింది. కథల నిండా అత్తలే కదా, నూట ఇరవై దాకా దిద్దాం. పడుకున్నా కళ్ళ ముందు అత్తలే.

చివరి సంగతి. ప్రెస్సు అబ్బాయి పిన్ను కొడతానన్నాడు. నాకు మనసొప్పలేదు. తుప్పు పడుతుంది, పైగా నా చేతిలో మిషన్ ఉండగా పిన్నేంటి? మడతపెట్టిన కాగితాలు విడిగా తెచ్చుకున్నాను. మామూలు సూదితో కుడితే రెండు విరిగాయి. పద్దెనిమిది నంబరు సూది పెట్టి, జీన్స్ దారం ఎక్కించి, కుట్టు పెద్దది చేస్తే పడింది. కుట్టు చిన్నగా ఉంటే కాగితం తపాలా బిళ్ళలా చిరిగిపోతుంది, అది మూడు కాపీలు పాడయ్యాక తెలిసింది. మోటారు పనికిరాదు, కాలితోనే నెమ్మదిగా తొక్కాలి. అట్ట నల్లది, దారం ఎర్రది. మొదటి పదకొండూ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను, నెల్లూరు చెల్లీ. శాలువా లేదు, మిర్చి బజ్జీలు పెట్టాం.

రోజుకు పదిహేను కుడుతున్నాను. వందలో ఇంకా ముప్పై నాలుగు ఉన్నాయి. వెల యాభై రూపాయలు, వాళ్ళే పెట్టారు, పోస్టులో పంపడం మాత్రం నాకు ఇంకా కుదరలేదు. కావలసినవాళ్ళు షాపుకే రండి, రెండింటికీ నాలుగింటికీ మధ్య.